పాత డిఫరెన్షియల్ ఏ కారుదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: నా దగ్గర 1972 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 4 ఉంది. పాత విడిభాగాల యార్డులో, ఇంజను శక్తిని వెనుక చక్రాలకు పంచే డిఫరెన్షియల్ ఒకటి కొన్నాను. అది జీటీ6 కారుదని, బిగిస్తే మోటర్‌వే మీద ఇంజను మోత తగ్గుతుందని అమ్మినాయన చెప్పారు. దాని పైన ఆరు స్టడ్లు (నట్లు బిగించే మర కడ్డీలు) ఉన్నాయి. అంచు అడుగున గుద్దిన నంబరులో మొదటి అక్షరం ‘కె’ ఒక్కటే కనబడుతోంది, మిగతాది తుప్పు తినేసింది. ఇది జీటీ6దేనా? నా కారుకు పనికివస్తుందా?
— ఒక పాఠకుడు, కొవెంట్రీ

జవాబు: ఈ కార్లు తయారైన కాన్లీ కర్మాగారం మీ ఊరిదే కనుక, మీ డిఫరెన్షియల్ ఒక విధంగా పుట్టింటికి చేరినట్టే. అయితే రూపాన్ని చూసి దాని ఇంటిపేరు చెప్పడం కష్టం. 1959లో వచ్చిన హెరాల్డ్, 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్, విటెస్, 1966లో వచ్చిన జీటీ6, ఈ నాలుగు ట్రయంఫ్ కార్లూ ఒకే కుటుంబానికి చెందిన డిఫరెన్షియల్‌ను వాడుకున్నాయి. ఛాసిస్‌కు బిగించిన దాని నెత్తి మీదనే అడ్డంగా కమాను పట్టీల కట్ట (లీఫ్ స్ప్రింగు) కూర్చుంటుంది. నంబరు ‘ఎఫ్’తో మొదలైతే స్పిట్‌ఫైర్, ‘కె’తో మొదలైతే జీటీ6 అని స్థూలంగా అనుకోవచ్చు కాబట్టి అమ్మినాయన మాటలో నిజం ఉండే అవకాశం ఉంది. కానీ ఆ అక్షరం చెప్పేది పైపెంకు పుట్టుక గురించే. యాభై ఏళ్లలో ఎవరో ఒక మెకానిక్ లోపలి పళ్ళచక్రాలను మార్చి ఉంటే ఆ సంగతి దానికి తెలియదు.

అందుకే నేను నంబరు కంటే చుట్ల లెక్కనే నమ్ముతాను. ముందరి ఫ్లాంజి (షాఫ్టును బోల్టులతో బిగించే గుండ్రటి బిళ్ళ) మీద, పక్క ఫ్లాంజిలలో ఒకదాని మీద సుద్దతో గీతలు పెట్టండి. రెండో పక్క ఫ్లాంజి కదలకుండా గట్టిగా బిగించి, గీత పెట్టిన పక్క ఫ్లాంజిని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, ముందరిది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఒక పక్క ఆగి ఉన్నప్పుడు రెండో పక్క రెండు చుట్లు తిరిగితేనే లోపలి పెద్ద పళ్ళచక్రం, అంటే క్రౌన్ వీల్, ఒక చుట్టు పూర్తి చేస్తుంది కాబట్టి, వచ్చిన అంకే నిష్పత్తి, అంటే చక్రాల ఒక్కో చుట్టుకు ముందరి ఫ్లాంజి తిరిగే చుట్ల లెక్క. జీటీ6లో సాధారణంగా కనిపించేది 3.27, స్పిట్‌ఫైర్ 1500లో 3.63, మీ మార్క్ 4లో 3.89, అంతకు ముందరి స్పిట్‌ఫైర్లలో 4.11. చివరి రెండూ నాలుగుకు కాస్త ఇటూ అటూ ఉండటం వల్ల రెండు చుట్లతో పొరబడటం చాలా తేలిక. ఓపిక పట్టి ఇరవై చుట్లు తిప్పితే ఒకటి 39 దగ్గర, మరొకటి 41 దాటి ఆగుతాయి, ఇక సందేహం ఉండదు. వెనుక మూత తీయడానికి వెనుకాడకపోతే పళ్ళే లెక్కపెట్టవచ్చు: క్రౌన్ వీల్‌కు 36, దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం పినియన్‌కు 11 ఉంటే అది 3.27.

ఆరు స్టడ్ల విషయం మాత్రం తేలికగా తీసుకోకండి. మార్క్ 4 నుంచి స్పిట్‌ఫైర్‌లో కమాను పట్టీలు ఊగేలా అమర్చారు, వాటికి నాలుగు స్టడ్లే ఉంటాయి. ఆరు ఉన్నది కదలని పాత అమరికకు చెందిన పెంకు. కనుక మీది ఉన్నదున్నట్టుగా మీ కారుకు సరిపోదు. ముందరి ఫ్లాంజి రంధ్రాలు గేర్‌బాక్సు నుంచి వచ్చే మీ ప్రొపెల్లర్ షాఫ్టు రంధ్రాలతో కలుస్తున్నాయో లేదో కూడా కొలిచి చూసుకోండి.

నిష్పత్తి 3.27 అని తేలితే, అదే వేగంలో ఇంజను చుట్లు దాదాపు 16 శాతం తగ్గుతాయి. ఆ మేరకు ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడూ తగ్గుతుంది. 1300 సీసీ ఇంజనుకు ఇది కాస్త బరువైన బేరమే అని నా అభిప్రాయం. స్పీడోమీటరు గేర్‌బాక్సు నుంచి నడుస్తుంది కాబట్టి, అది సరిగ్గా చూపుతోందనుకుంటే, ముల్లు గంటకు 60 మైళ్ల దగ్గర ఉన్నప్పుడు మీరు నిజానికి 71 మైళ్లతో పోతుంటారు. మోటర్‌వే మీద పరిమితి 70 అని మీకు తెలిసిందే. కనుక బండి బయటకు తీసే ముందు ఆ మీటరును సరిచేయించండి.