ఆర్-22 నేర్చుకోబోతున్న తమ్ముడి కొడుక్కి

చిరంజీవి కార్తీక్‌కు పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల అరిజోనాలో నీవు రాబిన్సన్ ఆర్-22 అనే చిన్న రెండు సీట్ల హెలికాప్టర్ మీద శిక్షణ మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "చిన్నదే కదన్నయ్యా, స్కూటరు నేర్చుకున్నట్టు వచ్చేస్తుంది" అని కూడా అన్నాడు. ఆ మాట నీ మనసులోనూ ఉంటే ఇప్పుడే తీసేయి. హకీంపేటలోని వైమానిక దళ హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో చేతక్ అనే తేలికపాటి హెలికాప్టర్ మీద నేర్చుకుని, చాలా ఏళ్లు పెద్ద రవాణా హెలికాప్టర్ ఎంఐ-17 నడిపి, రిటైరయ్యాక ఒక మిత్రుడి పక్కన కూర్చుని ఆర్-22 పట్టుకున్నవాణ్ణి కనుక చెబుతున్నాను, హోవర్‌లో, అంటే గాలిలో ఒకేచోట, నిలపడానికి ఈ మూడింటిలో నన్ను ఎక్కువ ఏడిపించింది ఆ చిన్నదే.

ఒక హెలికాప్టర్ కొలతలన్నీ రెట్టింపు చేస్తే దాని బరువు 8 రెట్లవుతుంది గాని, ఒరగడానికి, తిరగడానికి అడ్డుపడే జడత్వం 32 రెట్లవుతుంది. రోటర్, అంటే పైన తిరిగే రెక్కల, బలమూ పెరుగుతుంది గాని అంతగా కాదు. అందుకే 13,000 కిలోల వరకు బరువుతో ఎగిరే ఎంఐ-17 ఒరగడానికి తీరిగ్గా ఆలోచిస్తుంది, 622 కిలోలకు మించని ఆర్-22 మాత్రం నీ చేయి వణికినా ఒరుగుతుంది. పెద్దదానిలో నీ చేతికీ రోటర్‌కూ మధ్య హైడ్రాలిక్స్ (నూనె ఒత్తిడితో చేతి బలానికి సాయపడే ఏర్పాటు), ఆటోపైలట్ ఉండి నీ తప్పులను కొంత మింగేస్తాయి. ఆర్-22లో ఆ రెండూ లేకుండానే నేర్చుకోవలసి వస్తుంది.

కనుక ముంజేతిని తొడ మీద ఆనించి, సైక్లిక్‌ను, అంటే హెలికాప్టర్‌ను ముందుకూ వెనక్కూ పక్కలకూ ఒరిగించే కర్రను, బొటనవేలితో, రెండు వేళ్లతో మాత్రమే పట్టుకో. దాన్ని జరపకు, కాస్త ఒత్తి వెంటనే ఆ ఒత్తిడి తీసెయ్యి. చూపు ముక్కు కిందున్న నేల మీద కాదు, దూరంగా ఉన్న ఏదైనా స్తంభం మీద ఉండాలి. ఆర్-22లో సైక్లిక్ మధ్యలో ఒకే కర్రగా ఉండి, పైన అడ్డకడ్డీ తక్కెడ కాడలా ఊగుతుంది. నీ పిడి దిగితే శిక్షకుడి పిడి లేస్తుంది. మొదటి రోజు అది చిరాకుగా ఉంటుంది, రెండో రోజుకు మరచిపోతావు.

పెద్దది పూర్తిగా తేలిక అనుకోకు. అది ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి, నేను మొదటివారం ఎంఐ-17లో ఇంకా కదలలేదని మరికాస్త తోసి, అది కదిలాక బెదిరి వెనక్కి లాగి, గడియారం లోలకంలా ఊపాను. దాని రోటర్ కింది గాలి లేపే దుమ్ములో నేలే కనబడదు. ఆ గొడవ నీకిప్పుడు లేదు.

నీవు భయపడవలసింది వేరొకటి ఉంది. ఆర్-22 రోటర్ రెక్కలు తేలిక, వాటిలో దాచుకున్న శక్తి తక్కువ. ఇంజన్ ఆగితే దాదాపు ఒక సెకనులోగా కలెక్టివ్‌ను, అంటే పైకి లేపడానికీ దించడానికీ ఎడమచేతితో పట్టే కర్రను, దించకపోతే రోటర్ వేగం తిరిగిరానంతగా పడిపోతుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1995లో ఆర్-22కూ, అదే కంపెనీ పెద్ద హెలికాప్టర్ ఆర్-44కూ ప్రత్యేక శిక్షణ నిబంధన తెచ్చింది. ఆ పాఠాలను ఫారం నింపినట్టు ముగించకు. ఆటోరొటేషన్, అంటే ఇంజన్ శక్తి లేకుండా గాలికే రోటర్ తిరుగుతుండగా దిగడం, మళ్లీ మళ్లీ అడిగి చేయించుకో.

ముక్కును ఎడమకో కుడికో తిప్పే కాలి పెడల్స్ విషయంలో నా అలవాట్లేవీ తీసుకోవద్దు. చేతక్, ఎంఐ-17 రోటర్లు పైనుంచి చూస్తే గడియారం దిశలో తిరుగుతాయి, ఆర్-22ది ఎదురు దిశలో. కలెక్టివ్ ఎత్తితే ముక్కు పక్కకు తిరగకుండా మాకు కుడి పెడల్ తొక్కాలి, నీకు ఎడమ పెడల్. ఆర్-22లో పాత అలవాటుతో నేను కుడిది తొక్కగానే ముక్కు గిర్రున కుడికి తిరిగింది, మిత్రుడు మాట్లాడకుండా తన కాలితో సరిచేశాడు. అరవై దాటాక అంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

చివరిగా బరువు. యంత్రం తన బరువు పోను ఇద్దరు మనుషులకూ పెట్రోలుకూ కలిపి సుమారు 220 కిలోలే మిగులుతుంది, అరిజోనా ఎండలో గాలి పలచబడి ఇంజన్ శక్తీ తగ్గుతుంది. మొదటి పది గంటల హోవరింగ్ తెల్లవారుజామునే పెట్టమని అడుగు, బయలుదేరే ముందు మీ ఇద్దరి బరువులు, ఇంధనం నీవే కాగితం మీద కూడి చూసుకో. మీ అమ్మ పంపే అరిసెలు శిక్షకుడికి పెట్టాలనిపిస్తే, ఎగిరి వచ్చాక పెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న