బరువులు ఎత్తకుండా చేసే వ్యాయామాలను క్రమంగా కఠినతరం చేయడం ఎలా?

పుష్‌అప్‌లు వరుసగా 30 దాటి తీయగలుగుతున్నా బలం పెరిగిన ఆనవాలు కనిపించడం లేదని, సంఖ్యను ఇంకా పెంచాలా అని అడిగారు. చాలా ఏళ్లుగా డంబెల్స్ జోలికి పోకుండా సాధన చేస్తున్నవాడిగా నేను చెప్పేది ఒక్కటే: సంఖ్యను అక్కడితో ఆపి, వ్యాయామం రూపాన్ని మార్చండి. 30 సార్లు చేయగలిగినదాన్ని 50కి తీసుకువెళితే ప్రధానంగా పెరిగేది ఓర్పు. బలం కావాలంటే 5 నుంచి 12 సార్లకే కండరం అలసిపోయేంత కష్టమైన రూపం అవసరం.

శరీర బరువు మారకపోయినా, అందులో చేతులు మోసే వాటాను మనం మార్చవచ్చు. మామూలు పుష్‌అప్‌లో చేతుల మీద పడేది శరీర బరువులో సుమారు 64 శాతం. మోకాళ్లు నేలకు ఆనిస్తే అది 49 శాతం దగ్గరకు తగ్గుతుంది. చేతులను 60 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద ఉంచితే దాదాపు 41 శాతం, అదే ఎత్తులో పాదాలను ఉంచితే 74 శాతం. అంటే 70 కిలోల మనిషి ఒక్క బల్ల సాయంతో 29 కిలోల నుంచి 52 కిలోల దాకా భారాన్ని ఎంచుకోవచ్చు. ఆపై మెట్టు, భారాన్ని ఒక పక్కకు ఒరిగించే ఆర్చర్ పుష్‌అప్. ఒంటిచేతి పుష్‌అప్ చాలా తరువాతి మాట.

కాళ్లు సహజంగానే బలమైనవి కాబట్టి మామూలు స్క్వాట్ (రెండు కాళ్ల మీద కూర్చుని లేవడం) త్వరగా తేలికైపోతుంది. వెనుక పాదాన్ని కుర్చీ మీద పెట్టి చేసే బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్‌తో మొదలుపెట్టి, ఒంటికాలితో కూర్చుని లేవడానికి వెళ్లి, కూర్చునే ఎత్తును క్రమంగా తగ్గిస్తూ పోతే పిస్టల్ స్క్వాట్ (రెండో కాలిని ముందుకు చాచి, ఒంటికాలిపై పూర్తిగా కిందికి కూర్చుని లేవడం) దాకా చేరవచ్చు. నాకు అక్కడ అడ్డుపడింది తొడ బలం కాదు, తగినంత వంగని చీలమండ. మడమ కింద పలుచని చెక్క పెట్టుకున్నాక కదలిక సాధ్యమైంది.

రెండు రూపాల మధ్య దూరం మరీ ఎక్కువనిపిస్తే వేగాన్ని తగ్గించండి: మూడు నాలుగు సెకన్లలో దిగి, అడుగున ఒక క్షణం ఆగి లేవండి. పుల్‌అప్ ఒక్కటీ రానివారికి ఇదే దారి. కుర్చీ ఎక్కి గడ్డాన్ని కడ్డీ పైకి చేర్చుకుని, ఐదు సెకన్ల పాటు నిదానంగా కిందికి దిగాలి. అయితే నిదానం ఒక వంతెన మాత్రమేనని నా అభిప్రాయం. తేలికైన రూపాన్ని పది సెకన్లకు సాగదీస్తూ ఉండిపోవడం కన్నా కష్టమైన రూపానికి మారడమే మేలు.

ఎప్పుడు మారాలన్నదానికి నేను పాటించే కొలత ఇది: మూడు సెట్లలోనూ నడుము జారకుండా 12 సార్లు చేసి, ఇంకో రెండు చేయగల శక్తి మిగిలితే తదుపరి రూపానికి వెళతాను, అక్కడ ఐదారింటితో మొదలుపెడతాను. ఎత్తు, వేగం, లోతు ఈ మూడింటిలో ఒకసారికి ఒకటే మార్చండి, లేకపోతే కష్టం దేనివల్ల పెరిగిందో తెలియదు. కండరం కంటే స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పోగులు) నెమ్మదిగా గట్టిపడతాయి గనుక, కొత్త రూపం వారంలోనే తేలికైనా కొన్ని వారాలు అక్కడే నిలవడం మంచిది. మణికట్టు లేదా మోచేయి వ్యాయామం ముగిశాక కూడా నొప్పిగా ఉంటే, ఒక మెట్టు దిగి సాధన కొనసాగించండి, తగ్గకపోతే వైద్యుడికి చూపించుకోండి.