మెట్రో శ్రీధరన్ ఓట్లడిగినప్పుడు

2021లో కేరళలోని పాలక్కాడ్ నుంచి అసెంబ్లీకి పోటీ చేసిన రైల్వే ఇంజనీరు ఈ. శ్రీధరన్ నేపథ్యం ఏమిటి, ఏ విలువలు చూపి ఓట్లడిగారు అన్నది ప్రశ్న.

పుట్టింది పాలక్కాడ్ జిల్లాలోనే అయినా సివిల్ ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడలో. ఈ సంగతి కాకినాడ వాళ్లు తప్ప పెద్దగా ఎవరూ తలుచుకోరు! 1964 డిసెంబరు తుఫానులో రామేశ్వరం దీవిని కలిపే పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోతే, బాగుచేయడానికి రైల్వే ఆరు నెలల గడువు పెట్టింది. ఆయన 46 రోజుల్లో పూర్తిచేశారు. సముద్రంలో పడిపోయిన గర్డర్లనే వెతికించి, పైకి తీయించి మళ్లీ వాడారు. తర్వాత పడమటి తీరం వెంట సాగే కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో ఆయన ఆధ్వర్యంలోనే కట్టారు. మెట్రో పనుల దగ్గర గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపే గడియారాలు పెట్టించారు.

గడువు తప్పకపోవడం, డబ్బు దగ్గర నిక్కచ్చిగా ఉండటం, పనిలో నాయకుల జోక్యాన్ని ఒప్పుకోకపోవడం, ఓట్లడగడానికి ఇవే ఆయన పెట్టుబడి. అలాంటాయన 88 ఏళ్ల వయసులో బీజేపీ కండువా కప్పుకోవడం చాలామందికి మింగుడుపడలేదు, నాకూ అంతే. కాంగ్రెస్ అభ్యర్థి షాఫీ పరంబిల్ చేతిలో 3,859 ఓట్ల తేడాతో ఓడారు. అదే ఏడాది డిసెంబరులో క్రియాశీల రాజకీయాలకు దూరమయ్యారు.