డిప్లొమా చదివి లైట్లు మోయడమేంటి అంటున్నారా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నేను విద్యుత్ శాఖలో లైన్‌మన్‌ని. మా అబ్బాయి ఈఈఈ డిప్లొమా మంచి మార్కులతో పాసయ్యాడు. బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేర్చే ఈసెట్ పరీక్ష రాయమంటే రాయనంటున్నాడు. మా పక్క ఊళ్లో సినిమా షూటింగు జరిగినప్పుడు జనరేటర్ వాళ్లతో పరిచయమైంది. ఇప్పుడు హైదరాబాద్‌లో సినిమా వాళ్లుండే కృష్ణానగర్‌లో చుట్టాలబ్బాయి గదిలో ఉంటూ లైటింగ్ యూనిట్‌లో హెల్పర్‌గా వెళ్తున్నాడు. డిప్లొమా చదివి లైట్లు మోస్తున్నాడు. అక్కడే ఒక సంస్థ ఏడాది సినిమాటోగ్రఫీ కోర్సుకు ఆరు లక్షలు చెప్పిందట. అప్పు చేసి అది కట్టాలా, బలవంతంగానైనా బీటెక్‌లో వేయాలా, ఇలాగే వదిలేయాలా? కరెంటుతో పని కాబట్టి భయంగా ఉంది. నలుగురికీ ఏమని చెప్పుకోవాలో కూడా తెలియడం లేదు.

జవాబు: మూడు దారులూ పోల్చి చెప్పమన్నారు, చెప్తాను సార్. కానీ మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. కొడుకు హోటల్ వంట నేర్చుకుంటానన్నా, కూతురు నర్సింగ్‌కి వెళ్తానన్నా నాకొచ్చే ఉత్తరాలు ఈ వాక్యంతోనే ముగుస్తాయి. అందుకని ముందు దీని సంగతే తేలుద్దాం. మీరు 11 కేవీ లైను స్తంభం ఎక్కితే అది ఉద్యోగం, మీవాడు ఎత్తున లైటు బిగిస్తే అది కూలిపనా? ఇద్దరి జేబులోనూ ఉండేది ఆ టెస్టరూ కటింగ్ ప్లేయరే కదా. పిల్లాడు తాగి తిరగడం లేదు, ఆన్‌లైన్ బెట్టింగులో డబ్బు పోగొట్టలేదు, చదివిన చదువుకు దగ్గరి పనిలోనే చేరి తెల్లవారుజామున నాలుగింటికి లేచి యూనిట్ వ్యాన్ ఎక్కుతున్నాడు. దీనికి సిగ్గుపడాల్సింది ఏముందో నాకైతే అర్థం కాలేదు. నలుగురూ అడిగితే సినిమా వాళ్ల దగ్గర ఎలక్ట్రికల్ పని చేస్తున్నాడని చెప్పండి, అది నిజమే కాబట్టి రెండో ప్రశ్నకు తడుముకోనక్కర్లేదు.

ఇక భయం సంగతి. ఇందులో మీతో వాదించను, ఆ భయం సబబైనదే. మీరు ఎల్సీ, అంటే లైను ఆపామన్న కాగితం తీసుకోకుండా లైను ముట్టుకోరు. సబ్‌స్టేషన్‌లో ఆపేశారని తెలిసినా ఎర్త్ రాడ్ తగిలించి డిశ్చార్జి చేశాకే చెయ్యి పెడతారు. సెట్‌లో చాలాచోట్ల అలాంటి కాగితం, సంతకం ఏమీ ఉండవు. కెమెరామన్ ఒక లైటు జరపమంటాడు, అసిస్టెంట్ డైరెక్టర్ తొందరపెడతాడు, హీరో గారు కారవాన్‌లోంచి బయలుదేరారని ఎవరో అరుస్తారు, ఆ హడావుడిలో సప్లై ఆపకుండానే కనెక్షన్ మార్చేస్తారు. పైగా ప్రమాదమంటే కరెంటు ఒక్కటే కాదు. ఎత్తు నుంచి పడటం, బరువు మీద పడటం కూడా ఈ పనిలో ఉన్నవే. 2020 ఫిబ్రవరిలో చెన్నై శివార్లలో ఒక స్టూడియోలో లైటింగ్ పనికి వాడుతున్న క్రేన్ కూలి ముగ్గురు చనిపోయారు. దానికి తోడు నిద్రలేమి ఒకటి. రాత్రంతా షూటింగు, తెల్లారి సామాను ఎక్కించడం, మళ్లీ ప్రయాణం. అలసిన చేతి నుంచే పొరపాటు జరుగుతుందని మీకు నేను చెప్పాలా.

మీ అబ్బాయికీ పక్కనున్న హెల్పర్‌కీ ఉన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. లైటు ఎత్తగలిగేవాళ్లు కృష్ణానగర్‌లో కావలసినంత మంది ఉన్నారు. ఎంత లోడు పడుతుందో లెక్కేసి, ఇది ఇలా పెట్టకూడదు అని చెప్పగలిగేవాళ్లు తక్కువ. పగటి వెలుగులాంటి వెలుగిచ్చే పెద్ద లైటు హెచ్‌ఎంఐ, 18 కిలోవాట్లది ఒక్కటే 230 వోల్టుల మీద 80 ఆంపియర్లకు పైనే లాగుతుంది, కేబుల్ ఏ సైజుదో చూడకుండా, మిగిలిన కేబుల్‌ను చుట్ట విప్పకుండా వదిలేసి దాన్ని వెలిగిస్తే చుట్ట లోపల వేడి పోయే దారి లేక ఇన్సులేషన్ మెత్తబడుతుంది. వెలుగు తగ్గించే డిమ్మర్లు ఎక్కువగా ఉన్న సెట్‌లో మూడు ఫేజుల మీదా లోడు సమానంగా పంచినా న్యూట్రల్ వేడెక్కుతుంది, ఎందుకంటే మూడో హార్మోనిక్ కరెంట్లు, అంటే 50కి మూడింతలు 150 హెర్ట్జ్‌వి, న్యూట్రల్‌లో రద్దు కాకుండా కలిసిపోతాయి. ఆ న్యూట్రల్ కాస్తా ఊడిందంటే ఏదో ఒక ఫేజు మీదున్న లైట్లకు 230కి బదులు 400కి దగ్గరగా వోల్టేజీ వెళ్లే అవకాశం ఉంది. మీవాడు డిప్లొమాలో ఇవన్నీ పరీక్ష కోసం చదివాడు. సెట్‌లో అవి నిజంగా పనికొస్తాయని వాడికి ఇంకా ఎవరూ చెప్పి ఉండరు.

జనరేటర్ గురించి మాత్రం వాడితో మీరే మాట్లాడాలి. మీ గోదావరి లంకల్లో షూటింగు అంటే పొడి ఇసుకలో ఒక రాడ్డు గుచ్చి దాన్నే ఎర్త్ అంటారు. మీరైతే ఒప్పుకుంటారా? జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపకుండా వదిలేస్తే మొదటి ఫాల్ట్‌కి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ట్రిప్ కాకపోవచ్చు, బోర్డులో ఆర్‌సీసీబీ ఉంది కదా అని అందరూ ధైర్యంగా ఉంటారు, అది మాత్రం ఏమీ చేయలేని స్థితిలో ఉంటుంది. దీనికి తిరగబడిన సమస్య ఇంకొకటి. ఎల్ఈడీ లైట్లు, ఎలక్ట్రానిక్ బ్యాలస్ట్‌లు (లైట్ల చోక్‌లు) ఒక్కోటీ కొద్దికొద్దిగా లీకేజీ ఇస్తాయి, అన్నీ ఒకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కింద పెడితే ఊరికే ట్రిప్ అవుతుంటుంది. షాట్ మధ్యలో నాలుగుసార్లు లైట్లు పోతే ఎవరో ఒక మహానుభావుడు దాన్ని బైపాస్ చేసేస్తాడు. అప్పుడు లోడును నాలుగు ఆర్‌సీసీబీల కిందకు విడగొట్టాలని చెప్పేవాడు కావాలి. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ముందు ఎర్త్, తర్వాత న్యూట్రల్, చివర ఫేజు, తీసేటప్పుడు దీనికి తలకిందులు. అల్యూమినియం నిచ్చెన, క్రేన్ ఏదైనా లైన్ల కింద లేపబోతుంటే ఆపాల్సిందే. ఇవన్నీ మీ నోటి వెంట వింటే వాడికి ఎక్కుతాయి. ఇన్నేళ్లు ఈ పని చేసి పిల్లాడికి 'జాగ్రత్తరా' అనే ఒక్క ముక్క తప్ప ఇంకేమీ చెప్పకపోతే అది మీ తప్పు, అందులో మొహమాటం లేదు.

సెట్‌లో ప్రాక్టికల్స్ అంటుంటారు, వాడిని అడగండి, చెప్తాడు. ఫ్రేములో కనిపించే లైట్లు అవి. టేబుల్ ల్యాంపు, గోడ మీద ట్యూబ్‌లైటు, పూజగదిలో సీరియల్ సెట్, వీధి దీపం. కథలో హీరోయిన్ ల్యాంపు స్విచ్ వేస్తే ముఖం మీద పడే వెలుగు చాలావరకు ఫ్రేము బయట దాచిన లైటుది, ల్యాంపులో బల్బును మాత్రం తెల్లగా కాలిపోయినట్టు కనిపించకుండా తగ్గించి పెడతారు. చూడ్డానికి చిన్న పని. కానీ ఆ ల్యాంపు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ తెచ్చింది, ఏ పాత సామాన్ల కొట్లోనో దొరికిన ఇత్తడిది, మెలేసిన పాత వైరు, రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ లేదు. ఆర్ట్ వాళ్లకు అది అలంకరణ వస్తువు, లైట్ల వాళ్లకు అది ఆర్ట్ వాళ్ల వస్తువు, దాన్ని చేత్తో పట్టుకునేది నటి. మధ్యలో దాన్ని ఎవరు పరీక్షించాలి? నన్నడిగితే మీవాడే. వైరు మార్చి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి, బాడీకి ఎర్త్ అందుతోందో లేదో మీటరుతో చూసి అప్పుడు సెట్‌లో పెట్టాలి. వాన సీన్లో అయితే బ్యాటరీతో వెలిగే చిన్న వోల్టేజీ బల్బు పెట్టమనాలి. ఇంకో చిన్న సంగతి, 50 హెర్ట్జ్ సప్లై మీద దీపం సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి మన దేశంలో సెకనుకు 24 ఫ్రేములకు కెమెరా షట్టర్ కోణాన్ని 172.8 డిగ్రీలు పెట్టుకుంటారు, అప్పుడు ప్రతి ఫ్రేమూ సెకనులో 50వ వంతు తెరిచి ఉండి వెలుగు సమానంగా పడుతుంది. చవక ఎల్ఈడీ బల్బు స్లోమోషన్‌లో ఎందుకు మిణుకుమంటుందో ఈఈఈ చదివినవాడికి చిటికెలో అర్థమవుతుంది. ఇలాంటివి నాలుగు మాటలు మాట్లాడితే చాలు, కెమెరామన్ వాడి పేరు గుర్తుపెట్టుకుంటాడు.

ఇప్పుడు ఆ ఆరు లక్షల కోర్సు. నాకు దీని మీద అనుమానాలు చాలానే ఉన్నాయి, దాచుకోను. ఈమధ్య ప్రతి వీధిలో సినిమాటోగ్రఫీ బోర్డు కనిపిస్తోంది. ఏడాదిలో కెమెరామన్ అయిపోతాడన్నట్టు చెప్తారు, మంచి కెమెరా ఒకటి చూపిస్తారు, రెండు షార్ట్ ఫిల్ములు తీయిస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. సెట్‌లో ఆ సర్టిఫికెట్ అడిగేవాళ్లు నాకు కనపడలేదు. కెమెరా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా చేరడం నమ్మకం మీద, పరిచయం మీద జరుగుతుంది, ఆ పరిచయం మీవాడికి జీతం తీసుకుంటూనే దొరుకుతోంది. ఆరు లక్షలు కట్టి బయటికొచ్చిన పిల్లలు మళ్లీ అదే కృష్ణానగర్‌కి వచ్చి, హెల్పర్ పనికి నామోషీ పడి, ఖాళీగా కూర్చోవడం చూస్తున్నాను. మంచి సంస్థలు అసలు లేవని కాదు. మీరు వెళ్లి కోర్సు ఫీజు కాదు, పోయిన రెండు బ్యాచ్‌ల పిల్లల ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి ఈ నెల ఎక్కడ పని చేశావు బాబూ అని అడగండి. లైట్లు పిల్లల చేతికి వారానికి ఎన్ని గంటలు ఇస్తారు, ఎలక్ట్రికల్ సేఫ్టీ ఎవరు చెప్తారు అని కూడా అడగండి. రెండో ప్రశ్నకు వాళ్ల మొహం చూడండి చాలు.

ఎల్ఈడీలు వచ్చాయి, అంతా ట్యాబ్‌లోనే జరుగుతుంది, లైట్‌మ్యాన్ పని అయిపోయింది అనే మాట కూడా ఆ కోర్సుల వాళ్లే ఎక్కువ చెప్తారు. సగం నిజం. వైర్‌లెస్‌లో రంగు, వెలుగు మార్చే రోజులొచ్చాయి, లైట్లను దూరం నుంచి నడిపే డీఎంఎక్స్ పద్ధతి నేర్చుకోని లైట్‌మ్యాన్ వెనకబడతాడు. కానీ ఆ లైటుకు కరెంటు ఎక్కడి నుంచో రావాలి, దాన్ని ఎవరో పైకి ఎక్కించాలి, సేఫ్టీ చైన్ వేయాలి, స్టాండు కాలు మీద ఇసుక బస్తా పెట్టాలి. అవి ట్యాబ్‌లో జరగవు.

బీటెక్ సంగతి. మీకు ఈసెట్ ఎలా రాయాలో చెప్పక్కర్లేదు. బలవంతంగా వేయొద్దు, ఇష్టం లేని మూడేళ్లలో బ్యాక్‌లాగులు తప్ప ఏమీ మిగలవు. అయితే అబ్బాయికి నిజంగా కెమెరామన్ కావాలనుంటే ఒక విషయం చెప్పండి: కేంద్ర ప్రభుత్వ సినిమా విద్యాసంస్థలు పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలలో సినిమాటోగ్రఫీ మూడేళ్ల కోర్సుకు డిగ్రీ ఉండాలి, డిప్లొమా సరిపోదు. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు, దూరవిద్యలో బీఏ కూడా గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి చేస్తే చాలు. పని చేసుకుంటూనే ఆ డిగ్రీ కట్టమనండి, తర్వాత ఆ దారి తెరిచి ఉంటుంది. ఇది నాకు బీటెక్ కన్నా నచ్చిన పద్ధతి.

నా లెక్కలో వాడు ఈ ఏడాది చేయాల్సింది వేరే ఉంది. హెల్పర్‌గా ఒక్కో సినిమాకి తిరగడం కాకుండా లైట్లు అద్దెకిచ్చే కంపెనీలో, గోడౌన్‌లో సామాను పరీక్షించి పంపే పనిలోకి, కుదిరితే రిపేర్ సెక్షన్‌లోకి వెళ్లాలి. నెల జీతం వస్తుంది, రాత్రి ఇంటికి వస్తాడు, బ్యాలస్ట్ విప్పి చూస్తాడు, పగిలిన ముందు గాజుతో హెచ్‌ఎంఐ వెలిగిస్తే అల్ట్రావయొలెట్ కిరణాలకు కళ్లు, చర్మం దెబ్బతింటాయని అక్కడ రోజూ చూసి నేర్చుకుంటాడు. ఆ అనుభవంతో ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు సూపర్‌వైజర్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. ఆ పర్మిట్ ఉంటే సినిమా ఒక్కటే కాదు, టీవీ స్టూడియోలు, కచేరీలు, పెద్ద పెళ్లిళ్ల స్టేజీలు, సినిమా లేకపోతే మామూలు కాంట్రాక్టరు పని, అన్నీ ఉంటాయి. మీరు భయపడే 'రేపు ఏమవుతాడో' అన్నదానికి నా దగ్గరున్న జవాబు ఇదే, ఆరు లక్షల రసీదు కాదు.

ఆదాయం నిలకడగా ఉండదు, అది మాత్రం ఒప్పుకోవాలి. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మెకు దిగితే షూటింగులు ఆగిపోయాయి, చివరికి విడతలవారీగా పెంచేలా రాజీ కుదిరింది. అలాంటి రోజుల్లో రోజు కూలి మీదున్నవాడికి గది అద్దె కూడా కష్టమే. కాబట్టి ఆ ఆరు లక్షల అప్పు చేయొద్దు కానీ, మొదటి ఏడాది గది అద్దెకు, తిండికి కాస్త సాయం చేయండి. వాడి పేరున ప్రమాద బీమా మీరే కట్టండి. యూనియన్ కార్డు ఇప్పిస్తానని మధ్యవర్తి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు, నేరుగా యూనియన్ ఆఫీసుకు వెళ్లి ఎంత, ఎప్పుడు, రసీదు ఇస్తారా అని అడగమనండి.

ఇంకొకటి, ఈసారి వాడు ఊరొచ్చినప్పుడు బీటెక్ మాట ఎత్తకండి. మీ దగ్గర పాత రబ్బరు గ్లౌజులు ఉంటాయి, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ వాడటం తెలిసిన స్నేహితులు ఉంటారు కదా, ఒక సాయంత్రం వాళ్లతో కూర్చోబెట్టండి. గ్లౌజులు మాత్రం కొత్తవి కొనివ్వండి, పాతవి ఇవ్వొద్దు.