నల్లతెర మీద మెయిలూ, వెబ్బూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా దగ్గర 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. దానిలో డెబియన్ లినక్స్ వేసుకుని, మట్ అనే ప్రోగ్రాములో మెయిల్ చదువుకుంటున్నాను. స్నేహితులు రాసే మామూలు ఉత్తరాలు చక్కగా కనిపిస్తున్నాయి గాని, కాలేజీ నోటీసులూ బిల్లులూ మాత్రం ట్యాగులతో నిండిపోయి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. డబ్ల్యూ3ఎం బ్రౌజరు కూడా ఉంది. ఈ రెండింటినీ కలపడం ఎలా?
— డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: మీరు అడిగిన పని ఒక చిన్న ఫైలులో రాసే రెండు పంక్తులతోనూ, మట్ సెట్టింగులలో రాసే ఒక పంక్తితోనూ పూర్తవుతుంది. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ కమ్యూనికేటర్ బ్రౌజరునూ, మెయిలునూ, న్యూస్ గ్రూపులనే చర్చా వేదికలనూ ఒకే ప్రోగ్రాములో కట్టి ఇచ్చింది. టెర్మినల్, అంటే అక్షరాలతోనే పనిచేసే నల్లతెర, మీద నడిచే ప్రోగ్రాముల పద్ధతి దీనికి భిన్నం. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన మట్‌కు హెచ్‌టీఎంఎల్, అంటే వెబ్ పేజీలను ట్యాగులతో రాసే భాష, చదవడం రాదు, రావలసిన అవసరమూ లేదు. అది చదవగలిగిన మరో ప్రోగ్రామును పిలిచి, ఫలితాన్ని తన తెర మీద చూపిస్తే చాలు. ఏ రకం విషయానికి ఏ ప్రోగ్రామును పిలవాలో చెప్పే ఫైలే మెయిల్‌క్యాప్. మెయిల్‌లో రకరకాల విషయాలను పంపడానికి వాడే మైమ్ పద్ధతి రూపకర్తలలో ఒకరైన నథానియెల్ బోరెన్‌స్టీన్ 1993లో దీని నియమాలను రాశారు. అవే ఇప్పటికీ నడుస్తున్నాయి.

మీ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే మెయిల్‌క్యాప్ ఫైలును తెరవండి. ఇక్కడ తెలుగులో రాస్తున్న ఆదేశాలను మీరు ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి. ఒక్కొక్క పంక్తిలో సెమికోలన్లతో విడగొట్టిన భాగాలుంటాయి. మొదటి భాగం టెక్స్ట్, ఏటవాలు గీత, హెచ్‌టీఎంఎల్. రెండవది నడపవలసిన ఆదేశం: డబ్ల్యూ3ఎం, హైఫన్ డంప్, హైఫన్ పెద్ద టీ పక్కన మళ్ళీ టెక్స్ట్-ఏటవాలు గీత-హెచ్‌టీఎంఎల్, చివర శాతం గుర్తూ చిన్న ఎస్ అక్షరమూ. మూడవది కోపియస్‌అవుట్‌పుట్ అనే మాట. ఈ మూడవ మాట వదిలేసి, పని జరగలేదని తల పట్టుకునేవారే ఎక్కువ. ఫలితాన్ని బయటకు వదిలేసి ముగిసే ఆదేశమిదని మట్‌కు తెలిసేది ఆ మాటతోనే. అది లేకపోతే ఉత్తరం లోపల దానిని చూపించదు. తరువాత మట్ సెట్టింగుల ఫైలులో ఆటో, కింది గీత, వ్యూ కలిపి రాసి, దాని పక్కన అదే హెచ్‌టీఎంఎల్ రకం పేరు రాయండి. మట్‌ను మూసి తెరిస్తే ట్యాగులు పోయి ఉత్తరం కనిపిస్తుంది.

రెండవ పంక్తిలో డంప్ గాని, కోపియస్‌అవుట్‌పుట్ గాని రాయకుండా డబ్ల్యూ3ఎంను నేరుగా పిలిచి, చివర నీడ్స్‌టెర్మినల్ అనే మాట చేర్చి, మొదటి పంక్తికి పైన ఉంచండి. ఉత్తరంలో వీ మీట నొక్కి హెచ్‌టీఎంఎల్ భాగం మీద ఎంటర్ కొడితే అసలు బ్రౌజరే తెరుచుకుంటుంది. లింకుల మీద తిరగవచ్చు, క్యూ నొక్కి ఉత్తరానికి తిరిగి రావచ్చు.

ఇంకొక్క మాట చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. డంప్ చేసే పంక్తిలో హైఫన్ చిన్న ఓ పెట్టి, డిస్‌ప్లే-లింక్-నంబర్ అనే మాటలను కింది గీతలతో కలిపి, సమానం ఒకటి అని చేర్చండి. అప్పుడు ప్రతి లింకు పక్కన బ్రాకెట్లో ఒక అంకె పడి, ఉత్తరం అడుగున అంకెల వరుసలో అసలు చిరునామాలు వస్తాయి. మొన్న వర్షాకాలంలో కరెంటు బకాయి కట్టకపోతే రాత్రికి సరఫరా ఆపేస్తామని నాకొక మెయిల్ వచ్చింది. పైన బిల్లు చెల్లింపు పేజీ అని ముచ్చటగా రాసి ఉంది. అడుగున ఒకటో అంకె ఎదుట ఉన్న చిరునామాకూ ఏ కరెంటు సంస్థకూ సంబంధమే లేదు. రంగుల బొత్తాము మాత్రమే చూపించే ప్రోగ్రాములో చదివి ఉంటే ఆ తేడా నాకంట పడేది కాదేమో. పైగా ఈ పద్ధతిలో ఉత్తరంలోని బొమ్మలు దిగుమతి కావు గనుక, మీరు ఎప్పుడు తెరిచారో పంపినవారికి తెలియజేయడానికి పెట్టే కంటికి కనబడని చుక్క బొమ్మ కూడా పనిచేయదు.

తెలుగు ఉత్తరాలు చెదిరిపోతే కారణాలు రెండు. ఎన్‌కోడింగు, అంటే అక్షరాలను బైట్లుగా రాసే తీరు, తప్పితే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఆదేశంలో హైఫన్ పెద్ద ఐ పక్కన శాతం గుర్తు పెట్టి, మీసాల బ్రాకెట్లలో క్యార్‌సెట్ అని, హైఫన్ పెద్ద ఓ పక్కన యూటీఎఫ్-8 అని రాస్తే అది సర్దుకుంటుంది. రెండవది టెర్మినల్ లోపం. మన శ్రీకాకుళం జిల్లా పేరులోని ‘శ్రీ’నే తీసుకోండి. అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలు. యూటీఎఫ్-8లో 12 బైట్లు. చాలా టెర్మినళ్ళు తెరను గళ్ళుగా కోసి శకారాన్ని ఒక గడిలోనూ, రేఫను పక్క గడిలోనూ కూర్చోబెడతాయి. అది బ్రౌజరు తప్పూ కాదు, మట్ తప్పూ కాదు. భారతీయ లిపులను కూర్చగల ఎంఎల్‌టెర్మ్ వంటి టెర్మినల్‌లో రెండింటినీ నడిపి చూడండి.

ప్రశ్న: న్యూస్ గ్రూపులు ఇంకా ఉన్నాయా? ఉంటే వాటిని చదువుతూ అందులోని లింకులను లింక్స్ (Lynx) బ్రౌజరులో తెరవడం సాధ్యమేనా? బ్రౌజరులో ఈమెయిల్ చిరునామా కనిపిస్తే మట్‌లోకి వెళ్ళడం ఎలా?
— కంప్యూటర్ ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: ఉన్నాయి. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆలోచనగా పుట్టిన, ఈ న్యూస్ గ్రూపులు నడిచే యూజ్‌నెట్‌తో గూగుల్ గ్రూప్స్ 2024 ఫిబ్రవరిలో సంబంధం తెంచుకుంది గాని, ఎటర్నల్ సెప్టెంబర్ వంటి ఉచిత సర్వర్లలో పేరు నమోదు చేసుకుని నేటికీ చదవవచ్చు. సర్వరు పేరును ఎన్‌ఎన్‌టీపీసర్వర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే ప్రోగ్రాములన్నీ చూడగల అమరికలో, పెట్టండి. ఎస్‌ఎల్‌ఆర్‌ఎన్ అనే న్యూస్ రీడరు దానిని చూసుకుంటుంది. న్యూస్ లింకులు తెరిచేటప్పుడు లింక్స్ కూడా దానినే చూస్తుంది. ఎస్‌ఎల్‌ఆర్‌ఎన్‌లో వ్యాసం చదువుతూ పెద్ద యూ నొక్కితే అందులోని చిరునామాలు బయటికి వస్తాయి. ఎంచుకున్నదానిని సెట్టింగులలో మీరు రాసిన బ్రౌజరుకు అందిస్తుంది. 1992లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన లింక్స్ ఈ పనికి బాగా సరిపోతుంది, త్వరగా తెరుచుకుంటుంది.

ఎదురు దారి డబ్ల్యూ3ఎంలో ఇంకా సులువు. చిన్న ఓ నొక్కితే ఎంపికల పేజీ వస్తుంది. అందులో మెయిలర్ దగ్గర మట్ అని రాసి, మెయిల్‌టూ లింకుల (ఈమెయిల్ చిరునామా ఉన్న లింకుల) విషయంలో లింకును మొత్తంగా పంపే ఎంపికను తీసుకోండి. కేవలం ఈమెయిల్ చిరునామాను పంపే ఎంపిక తీసుకుంటే లింకులో ముందే రాసి ఉన్న విషయం (సబ్జెక్టు) పంక్తి దారిలోనే రాలిపోతుంది.

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు. మెయిల్, వెబ్ రెండూ కీబోర్డుతోనే, వినికిడితోనే నడిపే దారి ఉందా?
— ఒక అక్క, బొబ్బిలి

జవాబు: ఉందమ్మా, గట్టి దారే ఉంది. తానూ చూపు లేని పరిశోధకుడైన టీ.వీ. రామన్ 1995లో ఈమాక్స్‌స్పీక్‌ను విడుదల చేశారు. ఈమాక్స్ ఎడిటరులో జరిగే ప్రతి పనినీ అది మాటగా వినిపిస్తుంది. ఈమాక్స్‌లోని నుస్ అనే ప్రోగ్రాము మెయిలునూ, న్యూస్ గ్రూపులనూ ఒకే తీరున చదువుతుంది. 2014లో వచ్చిన 24.4 కూర్పు నుంచి ఈడబ్ల్యూడబ్ల్యూ అనే బ్రౌజరు కూడా లోపలే ఉంది. హెచ్‌టీఎంఎల్ ఉత్తరాన్నీ, వెబ్ పేజీనీ రెండుచోట్లా పరిచేది ఎస్‌హెచ్‌ఆర్ అనే ఒకే భాగం కనుక, మెయిల్ వేరు, వెబ్ వేరు అని మీ తమ్ముడు రెండు పద్ధతులు నేర్చుకోనక్కరలేదు. ఒక్కటి మాత్రం మీరు దగ్గరుండి సరిచేయాలి: బ్రౌజ్-యూఆర్‌ఎల్-బ్రౌజర్-ఫంక్షన్ అనే అమరికలో ఈడబ్ల్యూడబ్ల్యూ-బ్రౌజ్-యూఆర్‌ఎల్ అని పెట్టండి, లేకపోతే ఉత్తరంలో లింకు నొక్కగానే బయటి బ్రౌజరు తెరుచుకుని మాట ఆగిపోవచ్చు. తెలుగు చదివి వినిపించడానికి ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు గొంతు ఉంది; ఉచ్చారణ కొంచెం యంత్రంలా ఉంటుంది గాని, ముందు ఒక చిన్న తెలుగు ఉత్తరం మీరే పంపి, అతనికి ఏ మాటలు తెలియలేదో అడిగి వేగం తగ్గించండి.