మీరడిగారు: ముప్పై డాలర్ల బీట్

ప్రశ్న: అట్లాంటాలో చదువుకుంటున్న మా మనవడు కొన్నేళ్లుగా గుర్రం గురించిన ఒక ఇంగ్లీషు పాటను కూనిరాగం తీస్తుంటాడు. గాయకుడి పేరు లిల్ నాస్ ఎక్స్ అని, అతడిది కూడా అట్లాంటాయేనని చెప్పాడు. ఇదేం పేరు? ఇతడెవరు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది వేదిక కోసం పెట్టుకున్న పేరు. అసలు పేరు మాంటెరో లామార్ హిల్. తల్లి మనసు పడిన మిత్సుబిషి మాంటెరో కారు పేరే కొడుక్కి పెట్టారు. 'లిల్' అంటే చిన్న అని అర్థం. మన ఇళ్లలో తాత పేరు పెట్టిన మనవణ్ణి చిన్న రామయ్య అని పిలిచినట్టుగా, ఇతడు తాను అభిమానించే న్యూయార్క్ ర్యాపర్ నాస్ పేరుకు ముందు 'చిన్న' చేర్చుకున్నాడు. 2020 గ్రామీ వేదిక మీద ఆ పెద్ద నాస్ వచ్చి ఇతడి పక్కన నిలబడి పాడాడు కాబట్టి పేరు పెట్టుకున్నందుకు ఫలితం దక్కిందనే అనుకోవాలి.

పుట్టింది 1999 ఏప్రిల్ 9న, జార్జియా రాష్ట్రంలోని లిథియా స్ప్రింగ్స్‌లో. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ఆల్ఫారెట్టా, కమ్మింగ్ అట్లాంటాకు ఉత్తరాన ఉంటే, ఇతడి ఊరు నగరానికి పడమర దిక్కున ఉంది. ఆరేళ్ల వయసులో తల్లిదండ్రులు విడిపోవడంతో తల్లి, అమ్మమ్మల దగ్గర బ్యాంక్‌హెడ్ కోర్ట్స్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగి, తొమ్మిదేళ్లకు చర్చి గీతాలు పాడే తండ్రి దగ్గరకు ఆస్టెల్‌కు చేరాడు. వెస్ట్ జార్జియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌లో చేరి ఏడాదికే మానేశాడు. కంప్యూటర్ సైన్స్ వదిలేశాడనగానే మన తెలుగిళ్లలో ఎంతమంది గుండెలు గుభేలుమంటాయో నేను ఊహించగలను.

ఆ తర్వాత సోదరి ఇంట్లో తలదాచుకుంటూ, పగలూ రాత్రీ ఇంటర్నెట్‌లోనే గడుపుతూ, నెదర్లాండ్స్‌కు చెందిన యంగ్‌కియో అనే కుర్రవాడు అమ్మకానికి పెట్టిన ఒక బీట్‌ను, అంటే పైన మాటలు పాడుకోవడానికి సిద్ధంగా ఉంచిన వాద్య సంగీతాన్ని, 30 డాలర్లకు కొన్నాడు. తాను అమ్మింది ఎవరికో కియోకు తెలియదు, తాను కొన్న బీట్‌లో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బృందం 2008లో విడుదల చేసిన వాద్య సంగీతపు ముక్క ఉందని ఇతడికీ తెలియదు. అట్లాంటాలో ప్రతి మంగళవారం 20 డాలర్లకే పాట రికార్డు చేసుకోనిచ్చే ఒక చిన్న స్టూడియోకు వెళ్లి, గంటలోపే పని ముగించుకుని బయటికొచ్చాడు. 2018 డిసెంబరు 3న విడుదలైన ఆ 'ఓల్డ్ టౌన్ రోడ్' పాటనే మీ మనవడు పాడుతున్నాడు. ఉన్నచోట ఇమడలేక ఒంటరిగా గుర్రమెక్కి వెళ్లిపోయేవాడి పాట అది. సోదరి ఇంట్లో ఇంకెన్నాళ్లు ఉండగలనని మథనపడుతున్న రోజుల్లోనే రాసుకున్నాడు.

ప్రశ్న: ఆ పాటను అమెరికాలో ఏదో జాబితా నుంచి తొలగించారని చదివాను. పాట బాగుంటే తీసేయడమేమిటి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: అమెరికాలో బిల్‌బోర్డ్ అనే పత్రిక పాటల ఆదరణను లెక్కగట్టి వారం వారం జాబితాలు ప్రకటిస్తుంది. అన్ని రకాల పాటలకూ కలిపి 'హాట్ 100' ఉండగా, పశువుల కాపరుల టోపీలు, గుర్రాలు, బాంజో వాద్యాల చుట్టూ అల్లుకున్న కంట్రీ సంగీతానికి వేరే జాబితా ఉంటుంది. 2019 మార్చిలో ఈ పాట హాట్ 100లో 83వ స్థానంలోనూ, కంట్రీ జాబితాలో 19వ స్థానంలోనూ ఒకేసారి ప్రవేశించింది. కొద్ది రోజులకే, నేటి కంట్రీ సంగీత లక్షణాలు ఇందులో చాలినన్ని లేవంటూ బిల్‌బోర్డ్ దాన్ని రెండో జాబితా నుంచి తప్పించింది.

దీనికి రంగుతో సంబంధం లేదని ఆ పత్రిక వివరణ ఇచ్చుకుంది. అయితే అప్పటికే కంట్రీ రేడియోలో మోగుతున్న తెల్లవారి పాటల్లో ర్యాప్ ధోరణి, హిప్‌హాప్ తాళం కావలసినంత ఉన్నాయి. వాటికి అడ్డురాని కొలబద్ద ఈ నల్లజాతి యువకుడి దగ్గరికే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఆ వివరణలో జవాబు నాకు కనిపించలేదు. ఆ సంగీతానికి ప్రాణమైన బాంజోకు మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయన్నది గుర్తుంచుకుంటే ఈ వ్యవహారం మరీ విడ్డూరంగా తోస్తుంది.

తొలగింపు వల్ల జరిగింది మాత్రం తొలగించినవారు కోరుకున్నది కాదు. తొంభైల నాటి కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ తన గొంతు కలపగా, ఏప్రిల్ 5న కొత్త రూపం విడుదలైంది. ఆ నెలలోనే హాట్ 100లో మొదటి స్థానానికి ఎక్కిన పాట వరుసగా 19 వారాలు దిగలేదు. అంతకుముందు రికార్డు 16 వారాలు. మరియా కేరీ, బాయ్జ్ టు మెన్ కలిసి పాడిన పాటా, 'డెస్పసీతో' అనే స్పానిష్ పాటా దాన్ని పంచుకుంటూ ఉండేవి. అదే ఏడాది కంట్రీ సంగీత సంఘం వారు ఈ పాటకు ఒక పురస్కారం కూడా ఇచ్చారు. గుమ్మంలోంచి గెంటినవాణ్ణి పిలిచి తాంబూలం ఇచ్చినట్టయింది! 2024లో షబూజీ అనే మరో నల్లజాతి గాయకుడి కంట్రీ పాట సరిగ్గా 19 వారాలు అగ్రస్థానంలో నిలిచినప్పుడు, దాన్ని కంట్రీ జాబితాలోంచి తీయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ప్రశ్న: ఇతడు తాను గే అని బహిరంగంగా చెప్పడాన్ని పెద్ద సాహసంగా రాస్తున్నారు. అమెరికాలో అది మామూలు విషయమే కదా. ప్రచారం కోసం చెప్పి ఉండకూడదా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీ అనుమానం చాలామందికి ఉన్నదే గనుక కొంచెం వివరంగా చెబుతాను. అమెరికా అంతా ఒక్కటి కాదు. హిప్‌హాప్ రంగంలో మగతనపు ప్రదర్శన ఒక పెట్టుబడి. స్వలింగ ప్రేమను హేళన చేసే మాటలు దశాబ్దాలపాటు ఆ పాటల్లో నిరాటంకంగా సాగాయి. గే ర్యాపర్లు అంతకుముందు లేరని కాదు. 2000 ప్రాంతంలోనే ఓక్లండ్‌లో డీప్ డికలెక్టివ్ అనే బృందం ఏర్పడింది, కానీ వారి పాటలు పెద్ద రేడియోల దాకా రాలేదు. 2012లో ఫ్రాంక్ ఓషన్ ఒక యువకుణ్ణి ప్రేమించిన సంగతిని ఉత్తరంగా రాసి ప్రకటించాడు, అయితే అతడు ప్రధానంగా గాయకుడు. 2017 జనవరిలో అట్లాంటాకే చెందిన మకోనెన్ అనే ర్యాపర్ తాను గే అని చెప్పినప్పుడు, అదే నగరానికి చెందిన ప్రసిద్ధ బృందమొకటి ఒక ముఖాముఖిలో చులకనగా మాట్లాడి, తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. మాంటెరో చూస్తూ పెరిగిన వాతావరణం ఇది. తనలోని స్వలింగ ఆకర్షణ తాత్కాలికమై పోతే బాగుండునని చిన్నప్పుడు దేవుణ్ణి ప్రార్థించానని అతడే చెప్పుకున్నాడు.

ఇక తేదీలు చూడండి. 2019 జూన్ 30న, గే సమాజం గౌరవ మాసంగా జరుపుకునే జూన్ చివరి రోజున, తన 'క్లోజర్' పాటలోని మాటలను శ్రద్ధగా వినమని ట్విట్టర్‌లో అభిమానులను కోరాడు. వెంటనే, అంతకు తొమ్మిది రోజుల ముందు విడుదలైన '7' అనే తన పాటల సంకలనం ముఖచిత్రాన్ని దగ్గరగా చూపించాడు. గుర్రంతో నిలబడిన మనిషి, అతడి ఎదుట దూరంగా ఒక నగరం. ఆ నగరంలో ఒక భవనం మాత్రం గే సమాజానికి గుర్తైన ఇంద్రధనుస్సు రంగుల్లో వెలుగుతోంది. నేను అందరికీ తెలిసేలాగే చెప్పాననుకున్నానే అని చమత్కరించాడు. అప్పటికి పాట మొదటి స్థానంలోనే ఉంది గానీ 16 వారాల రికార్డుకు ఇంకా చేరుకోలేదు. పాట వింటున్నవారిలో కంట్రీ అభిమానులున్నారు, హిప్‌హాప్ అభిమానులున్నారు, ఆ పాటకు ఎగిరి గంతులేసే బడిపిల్లల తల్లిదండ్రులున్నారు. ఈ మూడు వర్గాల్లో ఏది ముఖం తిప్పుకున్నా నష్టమే. ప్రచారం కావలసినవాడు చేతిలో ఏమీ లేనప్పుడు చెబుతాడు; ఇతడు పోగొట్టుకోవడానికి అన్నీ ఉన్నప్పుడు చెప్పాడు. అందుకే నేను దీన్ని ఎత్తుగడ అనలేను.

ప్రచారమంటే అతడికి ఇష్టం లేదని మాత్రం అనను! 2021 మార్చిలో వచ్చిన 'మాంటెరో' పాట వీడియోలో స్తంభం పట్టుకుని నరకానికి జారి, సైతానును చంపి కొమ్ములు తన తలకే పెట్టుకున్నాడు. దాంతోపాటు ఒక బ్రూక్లిన్ సంస్థ అతడితో కలిసి నైకీ బూట్లలో ఒక్కో చుక్క మనిషి రక్తం కలిపి, జత 1,018 డాలర్ల చొప్పున 666 జతలు అమ్మకానికి పెట్టింది. నైకీ కోర్టుకెక్కగా వ్యవహారం రాజీతో ముగిసింది. బూట్ల సంగతి నాకు గిమ్మిక్కుగానే కనిపించింది. వీడియో వేరు. నువ్వు నరకానికి పోతావని కుర్రతనమంతా విన్నవాడు, సరే వెళ్లి చూస్తానన్నట్టు తీసిన చిత్రమది. విడుదల రోజున పద్నాలుగేళ్ల తనకు తానే రాసుకున్న ఉత్తరంలో, ఎవరికీ చెప్పబోమని మనం అప్పుడు మాట ఇచ్చుకున్నామే, దాన్ని దాటుతున్నానని చెప్పుకున్నాడు. ఆ పాట నేరుగా మొదటి స్థానంలోనే అడుగుపెట్టింది.

ప్రశ్న: ఇప్పుడేం చేస్తున్నాడు? అసలు సంగీతం నేర్చుకున్నాడా, లేక అంతా ఇంటర్నెట్ మహిమేనా?
– మరొక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 2024లో క్రీస్తు వేషంలో కనిపించిన పాటకు విమర్శలు రాగా, ఆ ప్రచార తీరుకు క్షమాపణ చెప్పాడు. 2025 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో అతడిని అరెస్టు చేసి, పోలీసులపై దాడి చేశాడన్న అభియోగాలు మోపారు. తాను నిర్దోషినని కోర్టులో చెప్పాడు, తర్వాత చికిత్సకు వెళ్లాడు. ఒక మనిషి ఆరోగ్యం మీద ఊహాగానాలు నేను రాయను.

సంగీతం నేర్చుకున్నాడు. నాలుగో తరగతిలో ట్రంపెట్ పట్టి, కొన్నేళ్లకే బడి బృందంలో మొదటి కుర్చీ, అంటే ఆ వాద్యంలో ప్రధాన వాద్యకారుడి స్థానం, సంపాదించాడు. తోటి పిల్లలు తనను ఎలా చూస్తారోనన్న జంకుతో మానేశాడు. 2021లో మొదటి స్థానానికి చేరిన అతడి మూడో పాట 'ఇండస్ట్రీ బేబీ' దొరికితే వినండి. అది బాకాల మోతతో మొదలవుతుంది.