టవర్ రికార్డు ఫోన్ జాడ చెబుతుంది, మనిషి జాడ కాదు

ప్రశ్న: గట్టు తగాదాలో నేను కొట్టానని మా పెదనాన్న కొడుకు నామీద తప్పుడు కేసు పెట్టాడు. ఆ రాత్రి 8.30కి నేను 40 కిలోమీటర్ల దూరంలో మా అక్క ఇంట్లో ఉన్నాను. ఇరవై నెలలుగా తలెత్తుకోలేకపోతున్నాను. ఫోన్ లొకేషన్ స్క్రీన్‌షాట్ ఉంది. డబ్బిస్తే టవర్ రికార్డు తెప్పిస్తానని ఒక డిటెక్టివ్ అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. పాత పగల గురించి మూడు పేజీలు రాశారు, కేసును తేల్చేది అవి కాదు. 8.30కి మీ ఫోన్ ఎవరి చేతిలో ఉంది? ‘ఫోన్ అక్క ఇంట్లో పెట్టి బండి మీద వెళ్లావు కదా’ అనే ప్రశ్న మీకు తప్పదు.

దానికి జవాబు మీ ఉత్తరం చివర్లో ఉంది. దున్నకం బాకీ గురించి 8.20కి ట్రాక్టర్ ఓనర్ ఫోన్ చేస్తే పావుగంట మాట్లాడానని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మీ కేసుకు ప్రాణం అదే. ఫోన్ కంపెనీ దగ్గరుండే సీడీఆర్‌లో, అంటే కాల్ వివరాల రికార్డులో, ఆ కాల్‌కి ఒక వరుస ఉంటుంది: రెండు నంబర్లు, సమయం, ఎన్ని సెకన్లు, ఐఎంఈఐ (హ్యాండ్‌సెట్ గుర్తింపు నంబరు), కాల్ ఏ సెల్‌లో (టవర్ సిగ్నల్ అందే ప్రాంతంలో) మొదలై ఏ సెల్‌లో ముగిసిందీ. ఊరికే జేబులో ఉన్న ఫోన్‌కి ఇలాంటి వరుస పడదు. రెండు సెల్‌లూ అక్క ఊరివే అయి, ‘మాట్లాడింది ఇతనే’ అని ఆ ఓనర్ సాక్ష్యం చెబితే ఫోనూ మీరూ ఒకచోటే ఉన్నట్టు. టవర్ ఇల్లు చూపించదు. పల్లెల్లో ఒక్క సెల్ కొన్ని కిలోమీటర్లు కమ్ముతుంది. అక్కది పక్క ఊరే అయితే ఈ రికార్డు దేనికీ పనికొచ్చేది కాదు.

ఇరవై నెలలు ఏం చేశారు? బెయిలొచ్చిన వారంలోనే అడగాల్సిన రికార్డు ఇది. కంపెనీలు దీన్ని కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చారు, అంతకుముందు ఏడాదే. గడువు దాటితే చెరిపేయొచ్చు. మీకు మిగిలింది నాలుగు నెలలు.

ఇక ఆ డిటెక్టివ్. అనుమతి లేకుండా కాల్ రికార్డులు సంపాదించడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ. ఒక తప్పుడు కేసు నుంచి బయటపడబోయి నిజమైన కేసులో ఇరుక్కుంటారు.

ఈ రికార్డు తెప్పించమని ఈ వారమే మీ వకీలుతో బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద కోర్టులో పిటిషన్ వేయించండి. డిఫెన్స్ దశలో, అంటే మీ వైపు సాక్ష్యం వినేటప్పుడు, చూద్దామని కోర్టు అనవచ్చు. అలాగైతే, చెరిపేయకుండా భద్రపరచమని కంపెనీకి ఆదేశమైనా ఇవ్వమని అడగండి. ముద్దాయి కోరిన కాల్ రికార్డులు, టవర్ వివరాలు తెప్పించమని 2014లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఉంది. కేసు 2024 జులై 1 తర్వాతది కాబట్టి, భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ కూడా కంపెనీ జతచేసి పంపేలా చూడమని పిటిషన్‌లోనే రాయించండి. అది లేకుంటే రికార్డు వచ్చినా సాక్ష్యంగా నిలవదు.

స్క్రీన్‌షాట్‌ని నమ్ముకోవద్దు, కానీ ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. మీ అక్క సాక్ష్యం ఒక్కటే చాలదు, సొంత మనిషి అంటారు. ట్రాక్టర్ ఓనర్ ఫోన్‌ది వేరే కంపెనీ అయితే, అదే కాల్ ఆ లెక్కలోనూ ఉంటుంది. అతని నంబరు కూడా ఈ పిటిషన్‌లోనే చేర్చండి.